మా చెల్లి పెళ్లికి నేను వాయించిన తుడుం

పెళ్లిళ్లు ఆగిపోవడానికి లోకంలో నానా కారణాలుంటాయి. వాన వచ్చి ఆగుతాయి, మాట తేడా వచ్చి ఆగుతాయి, పెళ్లికొడుకు పారిపోయి ఆగుతాయి. మా చెల్లెలి పెళ్లి మాత్రం ఆనందం వల్ల ఆగబోయింది. అదీ మామూలు ఆనందం కాదు, ఆత్మీయ ఆనందం. దాన్ని మా ఊరికి మోసుకొచ్చిన మహానుభావుణ్ణి నేనే. ఆ రోజు నా పరువు ఏ గెడ్డలో కొట్టుకుపోయిందో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒకప్పుడు ఉండేది. గొడవంతా అక్కణ్ణుంచే మొదలైంది.

పెదబయలు నుంచి ముంచింగిపుట్టు పోయే దారిలో జీపు దిగి కొండెక్కితే మా ఊరు. ఊరికి అటుపక్క దిగితే గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ దాటితే అవతలి కొండ, ఆ కొండ మీద వియ్యాలవారి ఊరు. మా నాన్న పేరు సోమన్న. కాసింత కాఫీ తోట, రాగులు పండే కాసింత చోడి చేను, ఒక తుడుం, ఇవీ మా ఆస్తి. తుడుమంటే నడుముకు కట్టుకుని రెండు కర్రలతో వాయించేది. మా ఊళ్లో దాన్ని ముట్టే ఇల్లు మాదొక్కటే. పెళ్లికి ఒక దెబ్బ, చావుకి ఒక దెబ్బ, చేలో అడవి పంది పడితే ఒక దెబ్బ. నాన్న కర్ర పడితే అవతలి కొండ మీద వాళ్లకి కూడా మా ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. మాకు టెలిఫోను లేదు గానీ, ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు.

నా చిన్నప్పుడే మా ఇంటిల్లిపాదీ క్రీస్తు విశ్వాసులయ్యాం. నాకు ఇస్సాకు అని పేరు పెట్టారు. ఆ పేరుకి నవ్వు అని అర్థమట. పెద్దయ్యాక మైదానంలో ఏడాదిపాటు బోధకుల శిక్షణ చేశాను, అక్కడే చెప్పి ఉంటారు. ఆ పూట నేను నిద్రపోయి ఉంటాను.

తొంభైల చివర్లో ఒక వర్షాకాలం శిక్షణ ముగించుకుని ఊరొచ్చాను. ఎవరో దాతలిచ్చిన నల్ల కోటు ఒకటి తొడుక్కుని వచ్చాను. దాని భుజాలు నావి కావు, చేతులు నావి కావు, గర్వం మాత్రం అచ్చంగా నాదే. మరుసటి ఆదివారం మా రేకుల మందిరంలో నా మొదటి ప్రసంగం.

"సంతోషం వేరు, ఆనందం వేరు!" అని గర్జించాను. "సంతోషం సంత రోజు వస్తుంది, సంత చెదరగానే పోతుంది. ఆనందం దేవుడి దగ్గర్నుంచి వస్తుంది. కష్టమొచ్చినా పోదు, పంట పోయినా పోదు!"

ఇంతవరకూ బాగానే ఉంది కదండీ? ముసలీ ముతకా తలలూపారు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ ఆగి ఆమెన్ అనుంటే, ఈపాటికి నా గురించి జనం వేరే కథ చెప్పుకునేవారు. నేను ఆగలేదు. "కాబట్టి" అన్నాను. కొత్త బోధకుడి నోట్లో ఈ "కాబట్టి" అనే మాట మహా ప్రమాదం.

"కాబట్టి, ఆనందం ఉన్నవాడికి సంతోషంతో పనిలేదు! పళ్లికిలించి నవ్వడం, చేతులు పట్టుకుని గెంతడం, పంది కూర కోసం లొట్టలెయ్యడం, ఇవన్నీ లోక సంతోషాలు. విశ్వాసి ఆనందం లోపల ఉంటుంది. పైకి గంభీరంగా ఉంటుంది!"

మావాళ్లు మాట వినే జనం. చదువుకొచ్చిన గుంటడు చెప్పాడు కదా అని ఆ వారం నుంచే గంభీరంగా ఉండటం మొదలెట్టారు. ఆడవాళ్లు నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునేవారు. పాటలు కళ్లు మూసుకుని ఎంత నెమ్మదిగా పాడేవారంటే, మొదటి చరణం అయ్యేసరికి వెనక బెంచీలో ఒకరిద్దరు గురకపెట్టేవారు. నేనేమో దాన్ని ధ్యానం అనుకుని మురిసిపోయేవాణ్ణి.

లొంగనిది మా మామ్మ ఒక్కతే. నాన్నని కన్న తల్లి. పళ్లన్నీ పోయాయి గానీ నోరు పోలేదు.

"ఒరే ఇస్సాకూ, లోపలే ఉంతాదంతన్నావు, మరి ఉందో లేదో ఎలాగ తెలుత్తాదిరా?"

"దేవుడికి తెలుస్తుంది మామ్మా."

"ఆయనకి తెలుత్తాది సరే. పక్కనున్నోడికి తెలియద్దేటి? లోపలే వొండుకుని లోపలే తినీడానికి ఇదేటి కడుపా?"

"మామ్మా, నీకు ఆత్మీయ విషయాలు అర్థం కావు."

"అవున్రా బావూ, నాకు ఆకలే అర్తమవుతాది. కూడెట్టు."

ఇలా ఉండగా చెల్లెలు రూతమ్మకి అవతలి కొండ కుర్రాడు దానియేలుతో పెళ్లి కుదిరింది. కాఫీ గింజల కోత అయ్యాక, జనవరి చివర్లో ముహూర్తం. ఏడాదంతా సంతలో ఒకరినొకరు దొంగచూపులు చూసుకున్న జంట. రూతు కాళ్లు భూమ్మీద ఆనడం లేదు. నాన్న పెళ్లి కోసమని ఏడాదిగా ఒక పందిని పెంచుతున్నాడు. సాయంత్రం పూట తుడుం తీసి, నిప్పు సెగ చూపి, వేలితో తట్టి చూసుకుని మళ్లీ పెట్టేవాడు. ఊరందరి పెళ్లిళ్లకీ వాయించినవాడు, సొంత కూతురి పెళ్లికి వాయించబోతున్నాడు. ఆయన ముఖంలో అది కనబడిపోయేది.

నాకూ కనబడింది. కనబడే నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నాన్నా, బోధకుడి ఇంట్లో పెళ్లి. ఊరికి మాదిరిగా ఉండాలి. తుడుం వద్దు, చేతులు పట్టుకుని ఆడే థింసా వద్దు, పంది కూర వద్దు. ప్రార్థన, పప్పు, గుమ్మడికాయ కూర. చాలు" అన్నాను.

నాన్న పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "వాక్యంలో అలాగుందేటి బాబూ?" అన్నాడు.

"భావం అదే నాన్నా."

"సదువుకున్నోడివి. నీకు తెలుత్తాది" అని లేచి, తుడుంని గుడ్డలో చుట్టి అటకెక్కించేశాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వాదించి గెలిచేవాణ్ణి, చెప్పకపోవడం వల్ల గెలిచానో ఓడానో తెలియలేదు. గెలిచాననే అనుకున్నాను లెండి.

రూతు వచ్చింది. "అన్నియ్యా, పెళ్లిలో నేను నవ్వొచ్చా?"

"లోపల నవ్వుకో."

"లోపలెలాగ నవ్వుతారు?"

"పెదాలు కదలకుండా."

అది ప్రయత్నించింది పాపం. పెదాలు బిగబట్టి నవ్వబోతే ముక్కులోంచి బుస్సుమని వచ్చింది. మామ్మ పగలబడి నవ్వింది. నేను ఇద్దర్నీ ప్రార్థనకి కూర్చోబెట్టాను.

మామ్మ మాత్రం ఆఖరి హెచ్చరిక చేసింది. "ఒరే, పెళ్లోరు గెడ్డకాడ ఆగుతారు. మన తుడుం పిలిత్తేనే దాటుతారు. అది మోగకపోతే వాయించే ఇంట్లో సావు అయినా అయ్యుండాల, పిల్లనివ్వడం ఇట్టం లేకపోనా ఉండాల. మన కొండల్లో ఎప్పుడూ అంతే. ఆళ్లు గెడ్డ దాటర్రా."

"వాళ్లూ విశ్వాసులే మామ్మా. ఆత్మ పిలుస్తుంది, వస్తారు."

పెళ్లిరోజు తెల్లారింది. కొండల మీద మంచు పాలు పొంగినట్టుంది. మందిరంలో రంగు కాగితాలు కట్టాం. పెళ్లి జరిపించాల్సిన పెద్ద అయ్యగారు జీపులో వస్తున్నారు. వాయించే పని ఎలాగూ లేదు గనక, ఆయన్ని తీసుకురావడానికి నాన్న రోడ్డు మీదికి వెళ్లాడు. రూతు తెల్ల చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఊరంతా గంభీరంగా కూర్చుంది. నేను నల్లకోటులో గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మంచు కరిగింది. పెళ్లివారు రాలేదు. ఎండెక్కింది. పెళ్లివారు రాలేదు. గుమ్మడికాయ కూర చల్లారింది. రూతు చూపు గుమ్మం మీంచి కదలడం లేదు. నీళ్లకి వెళ్లిన ఆడవాళ్లు కబురు తెచ్చారు. "పెళ్లోరు పొద్దున్నే వొచ్చీసి గెడ్డ అవతల కూకున్నారు. నెగడేసుకుని ఏటో మాటాడుకుంతన్నారు."

కోటు చేతులు మడిచి గెడ్డకి దిగాను. అవతల పెళ్లివారంతా రాళ్ల మీద కూర్చుని ఉన్నారు. దానియేలు తలపాగా చేతిలో పట్టుకుని, బడిలో బయట నిలబెట్టిన కుర్రాడిలా ఉన్నాడు. అతని మేనమామ లచ్చన్న లేచాడు. వాళ్ల తరఫు పెద్దమనిషి ఆయనే. గెడ్డకి ఇటు నేను, అటు ఆయన, మధ్యలో నీళ్ల హోరు.

"మావా, రండి! అంతా సిద్ధం!" అని అరిచాను.

"తుడుమేదీ బాబూ? మీ ఇంట్లో ఎవులైనా పోనారేటి?"

"ఎవరూ పోలేదు!"

"మరి మా గుంటడు మీకు నచ్చలేదేటి?"

"నచ్చాడు!"

"నచ్చితే తుడుమేదీ?"

"మా ఆనందం లోపల ఉంది మావా!"

ఆయన వెనక్కి తిరిగి తనవాళ్లతో ఏదో అన్నాడు. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మళ్లీ నా వైపు తిరిగాడు.

"లోపలుంటే గెడ్డ అవతలికి ఎలాగ వినపడతాది బాబూ? పిలవని ఇంటికి మేం పెళ్లికి రాలేం. పరువు తక్కువ. ఎండ ఈ రాయి మీదకొచ్చేదాకా సూత్తాం. తుడుం వినపడితే వొత్తాం. లేదా, గుంటణ్ణి తీసుకుని ఎల్లిపోతాం."

రాయి వైపు చూశాను. ఎండ దానికి జానెడు దూరంలో ఉంది.

నేనారోజు పరిగెత్తినట్టు ఇంకెప్పుడూ పరిగెత్తలేదు. మందిరం చేరేసరికి రూతు గుమ్మంలోనే నిలబడి ఉంది. విషయం వినగానే, అప్పటిదాకా గంభీరంగా ఉంచుకున్న ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"అన్నియ్యా, నువ్వు చెప్పినట్టే ఉన్నాను. నవ్వలేదు, ఏడవలేదు. ఇప్పుడు నా ఆనందం గెడ్డ అవతల కూకుంది. అదెల్లిపోతే నేనేటి సెయ్యాల?" అని నా కోటు పట్టుకుని భోరుమంది.

నాకూ ఏడుపొచ్చింది. ఇంటికి పరిగెత్తి, అటకెక్కి, తుడుం దింపాను. నాన్న లేడు. పిలుచుకొచ్చే వ్యవధి లేదు. నిప్పు సెగ చూపి, నడుముకు కట్టుకున్నాను. కోటు మీదే కట్టుకున్నాను.

మామ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "నీకొచ్చేటిరా?"

"వచ్చు మామ్మా! చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని వాయించలేదా?"

"ఏ దెబ్బ వాయించినావో గేపకముందా?"

"తుడుం తుడుమే కదా! తప్పుకో!"

ఊరి చివర గట్టు మీద నిలబడి, కళ్లు మూసుకుని ఒక్క ప్రార్థన చేసి, కర్ర దించాను. చేతులు మర్చిపోలేదు! దెబ్బ దెబ్బకీ కొండలు బదులు పలుకుతున్నాయి. నాకు ఒళ్లు పులకరించింది. గెడ్డ అవతల ఒక్కసారిగా పెద్ద కేక లేచింది. కళ్లు తెరిచి చూద్దును గదా, పెళ్లివారందరూ లేచి గెడ్డలోకి దూకుతున్నారు. నడిచి రావడం కాదు, పరుగు! అంతా వస్తున్నారు, చెప్పులు వదిలేసి వస్తున్నారు, ముందు లచ్చన్న మావ, వెనకే తలపాగా లేని దానియేలు. "స్తోత్రం! ఎంత ఆత్రం, ఎంత ప్రేమ!" అనుకుని ఇంకా గట్టిగా వాయించాను.

దగ్గరికొచ్చాక చూస్తే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కర్ర. నెగడులోంచి లాక్కొచ్చిన కొరకంచులు కొందరి చేతుల్లో. ఒకాయన దగ్గర గొడ్డలి. లచ్చన్న మావ రొప్పుతూ నా ముందు ఆగి, అటూ ఇటూ చూసి, అడిగాడు.

"పంది ఏదీ?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. చిన్నప్పుడు నాన్న పక్కన నేను వాయించింది పెళ్లిళ్లలో కాదు. చోడి చేలో మంచె మీద! నాకు వచ్చింది ఒకే ఒక్క దెబ్బ, అది పంది దెబ్బ. అది వినపడితే పగవాడి చేనైనా సరే, విన్నవాడు చేతిలో పని పారేసి, దొరికిన కర్ర పట్టుకుని పరిగెత్తాల్సిందే. పరువు, పిలుపు చూసుకోకూడదు.

ఆ మాట నేను వివరించేలోపు మా ఇంటి వెనక దొడ్డి కంచె విరిగిన చప్పుడైంది. ఏడాదిగా నాన్న పెంచిన పంది, నేను దయతలచి బతికించిన పంది, ఆ మోతకి హడలిపోయి బయటపడింది. "అదిగో!" అన్నారెవరో. పంది ముందు, పెళ్లివారు వెనక. పంది మందిరంలోకి దూరింది. లోపల గంభీరంగా కూర్చున్న సంఘం మొత్తం బెంచీలెక్కింది. రంగు కాగితాల తోరణం మెడలో వేసుకుని అది అవతలి గుమ్మంలోంచి బయటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే కొండ దారిలోంచి నాన్న, పెద్ద అయ్యగారు వచ్చారు. వాళ్లూ పంది దెబ్బ విన్నారు. నాన్న అయ్యగారి సంచీ పారేసి, కర్ర విరుచుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయన వెనక, తెల్లటి అంగీ పైకెత్తి పట్టుకుని, గొడుగు ఝుళిపిస్తూ అయ్యగారు! పంది తిన్నగా నా మీదికొచ్చింది. నేను తుడుంతో సహా బురదలో వెల్లకిలా పడ్డాను. అది నన్ను దాటి కొండెక్కి మాయమైంది.

లచ్చన్న మావ ఇంకా అటూ ఇటూ వెతుకుతున్నాడు. "ఇంతకీ అడివి పంది ఏదీ?"

మామ్మ నా వైపు చేయి చూపించింది. "అదిగో బావూ, నల్ల కోటేసుకుని బురదలో పొర్లతంది."

మొట్టమొదట ముక్కులోంచి బుస్సుమని నవ్వు వచ్చింది మా రూతుకే. తర్వాత దాని వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని, కళ్లలో ఇంకా తడారని నీళ్లతో, ఇంతింత నోరు తెరిచి నవ్వింది. దాన్ని చూసి దానియేలు నవ్వాడు. నెలల తరబడి కొంగుల్లో కుక్కుకున్న నవ్వులన్నీ ఆ పూట బయటపడ్డాయి. అయ్యగారు గొడుగు మీద వాలిపోయి మరీ నవ్వారు.

నవ్వడం పూర్తయ్యాక సంగతేమిటని ఆయన అడిగారు. మామ్మ నా ప్రసంగం, మూడు నిషేధాలు, గుమ్మడికాయ కూరతో సహా విన్నవించింది. అయ్యగారు నన్ను లేవదీశారు. "ప్రభువు కూడా పెళ్లికి వెళ్లాడు ఇస్సాకూ" అన్నారు మెల్లగా. "వెళ్లి పెళ్లివాళ్లని మొహాలు ముడుచుకోమన్నట్టు నేనెక్కడా చదవలేదు."

నేను నాన్న వైపు చూడలేకపోయాను. ఆయనే దగ్గరికొచ్చి, నా నడుముకున్న తుడుం విప్పుతూ చెప్పాడు.

"మీ అమ్మ పోయిన్నాడు మందిరంలో ఏడుత్తానే పాడినాను గదేటి. ఆ దినం సంతోసం లేదు, నువ్వు సెప్పిన ఆనందం ఒక్కటే ఉంది. దాంతోనే బతికినాను. అది నిజమేరా బాబూ, నువ్వు సరిగానే సెప్పినావు. కానీ ఈ దినం రెండూ కలిసి మనింటికొచ్చినాయి. ఒకదాన్ని గుమ్మంలోంచి గెంటీడమెందుకు?"

నేను ఆయన్ని పట్టుకుని ఏడ్చేశాను. బురద కోటుతోనే. "వాయించు నాన్నా" అన్నాను.

అయిపోయిందనుకుంటున్నారా? లచ్చన్న మావ చెయ్యెత్తాడు. "ఆగండాగండి. మేం పందికొచ్చినాం. పెళ్లికి రాలేదు. పెళ్లికి ఇంకా పిలవలేదు మమ్మల్ని."

అని పెళ్లివారందర్నీ వెంటబెట్టుకుని వెనక్కి నడిచి, గెడ్డ దాటి, అవతలి రాళ్ల మీద మళ్లీ బుద్ధిగా కూర్చున్నాడు! ఎండ రాయి మీదికి ఎప్పుడో వచ్చేసింది, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు మా నాన్న గట్టు మీద నిలబడి పెళ్లి దెబ్బ వాయించాడు. ముఖం ఆకాశం వైపు ఎత్తి, కళ్లంట నీళ్లు కారుతుంటే, నవ్వుతూ వాయించాడు. ఏది సంతోషమో, ఏది ఆనందమో నేను విడదీసి చెప్పలేను. నా శిక్షణ అంత దూరం రాలేదు.

పెళ్లయింది. సాయంత్రందాకా థింసా ఆడారు. మామ్మ ఒక చెయ్యి, లచ్చన్న మావ ఒక చెయ్యి పట్టుకుని నన్నూ వరసలోకి లాగారు. తప్పు అడుగు పడ్డప్పుడల్లా మామ్మ మోచేత్తో పొడిచింది. నా నిషేధాల్లో ఆ రోజు నిలబడింది ఒకటే, పంది కూర లేకపోవడం. దాన్నీ నేను నిలబెట్టలేదు, కొండెక్కినవాడు నిలబెట్టాడు. భోజనాలన్నీ అయ్యాక, చీకటి పడుతుండగా, మెడలో రంగు కాగితాలతో వాడు మెల్లగా ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో బోధించాను. తెల్లజుట్టు వచ్చింది, నాకు సరిపడా కోటు కూడా వచ్చింది. సంతోషం గురించి, ఆనందం గురించి ఇప్పటికీ చెబుతాను, రెండూ వేరేనని ఇప్పటికీ నమ్ముతాను. కానీ చెల్లెలి అత్తవారి ఊళ్లో మాత్రం ఆ ప్రసంగం ఏనాడూ చివరిదాకా సాగలేదు. "ప్రియులారా, ఆనందం..." అని మొదలెట్టగానే వెనక బెంచీలోంచి లచ్చన్న మావ గొంతు వినిపిస్తుంది. "అయ్యగారూ, పంది ఏదీ?" అంతే, సంఘమంతా గొల్లుమంటుంది. ముందు వరసలో మా రూతు ముక్కులోంచి బుస్సుమంటుంది. నేను బైబిలు మూసేసి వాళ్లతో పాటు నవ్వేస్తాను.

ఒట్లు పెట్టుకోవద్దని బైబిల్లో ఉంది గనక ఒట్టు పెట్టను. అవునంటే అవును, అంతే. సర్వ సంఘం ఎదుట నిలబడి, మామ్మ ఆత్మ సాక్షిగా, మిక్కిలి గంభీరంగా ప్రకటిస్తున్నాను: ప్రాణం ఉన్నంతవరకు ఎవరి పెళ్లిలోనూ తుడుం వద్దనను. అది మోగకపోతే కొంప మునుగుతుందన్నా సరే, నేను మాత్రం వాయించను.